రాని ఆడియో మీద పెట్టుకున్న ఆశ

మంగళవారం, రాత్రి

పొద్దున్నే అక్క కూతురు ఫోన్ చేసింది. అశోక్‌నగర్‌లో హాస్టల్‌లో ఉండి గ్రూప్-2కి చదువుతోంది. వచ్చే నెల ఏదో సబ్‌లిమినల్ ఆడియో ప్రోగ్రామ్, అంటే చెవికి తెలియకుండా మాటలు మనసుకి చేరతాయని చెప్పేది, రిలీజ్ అవుతుందట. ఏకాగ్రతకి ఒకటి, జ్ఞాపకశక్తికి ఒకటి, ఆత్మవిశ్వాసానికి ఒకటి. ఇప్పుడే బుక్ చేసుకుంటే సగం ధరే. "పిన్నీ, నువ్వు సౌండ్ పనిలోనే ఉన్నావు కదా, నిజంగా పనిచేస్తాయా ఇవి?" అని అడిగింది. శాంపిల్ ఉంటే పంపమన్నాను, సాయంత్రం మాట్లాడదామన్నాను. పెట్టేసే ముందు ఇంకో మాట అంది: "పాలిటీ అది వచ్చాకే మొదలుపెడతా పిన్నీ, అప్పుడైతే త్వరగా ఎక్కుతుంది కదా."

రోజంతా ఆ చివరి మాటే నన్ను వదల్లేదు.

స్టూడియోలో ఇవాళ పెద్ద పని లేదు. రెండు యాడ్‌లకి వాయిస్, ఒక డాక్యుమెంటరీ మిక్స్‌లో దిద్దుబాట్లు, అంతే. భోజనాలయ్యాక అక్క కూతురు పంపిన శాంపిల్ తెరిచాను. పైకి వినిపించేదంతా వాన చప్పుడే. దాని కింద "చదివింది నాకు గుర్తుంటుంది" లాంటి వాక్యాలు చెవికి అందనంత చిన్నగా పెట్టామని, మనసు లోలోపల వాటిని పట్టుకుంటుందని వాళ్లు చెప్పేది. స్పెక్ట్రోగ్రామ్‌లో, అంటే శబ్దాన్ని బొమ్మగా చూపించే దాంట్లో, వేసి చూశాను. మామూలుగా మనిషి గొంతు అందులో దాగదు, నిచ్చెన మెట్లలా గీతలు కనిపిస్తాయి. ఇక్కడ మొదటి నుంచి చివరిదాకా వాన మసకే. అంతమాత్రాన ఏమీ లేదని చెప్పలేను, మరీ అడుగున కలిసిపోయి ఉండొచ్చు.

అందుకని మా దగ్గరున్న ఒక డబ్బింగ్ డైలాగ్ తీసి, వాన ట్రాక్ కింద బాగా తగ్గించి పెట్టాను. మా అసిస్టెంట్ కుర్రాడికి ఆ వాక్యం ముందే చెప్పి వినిపించాను. అతనికీ అందలేదు, నాకూ అందలేదు. దాన్ని ఎంపీ3 చేస్తే కథ ఇంకా మారుతుంది. పెద్ద చప్పుడు కింద నలిగిపోయి చెవికి అందని శబ్దాన్ని లెక్కగట్టి తీసిపారేయడం వల్లే ఎంపీ3 ఫైల్ అంత చిన్నదవుతుంది. అంటే వీళ్లు ఏ శబ్దాన్నైతే మందు అంటున్నారో, ఎంపీ3 ముందుగా కోత పెట్టేది దానికే. కొనేవాళ్లకి ఈ సంగతి ఎవరూ చెప్పరు.

1988లోనే కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో ఫిలిప్ మెరికిల్ అనే సైకాలజిస్టు బజారులో అమ్మే ఇలాంటి క్యాసెట్లను స్పెక్ట్రోగ్రామ్‌లో పరీక్షించాడు. మాటల జాడే దొరకలేదు.

సాయంత్రం అక్క కూతురికి ఇదంతా చెప్పాను. "కానీ పిన్నీ, సినిమా హాల్లో పాప్‌కార్న్ తినండి అని కంటికి కనపడకుండా చూపిస్తే అమ్మకాలు పెరిగాయట కదా, వీళ్ల పేజీలో మొదట అదే ఉంది" అంది. 1957 నాటి కథ అది. చెప్పినవాడు జేమ్స్ వికరీ అనే అమెరికా మార్కెటింగ్ మనిషి. 1962లో ఒక ఇంటర్వ్యూలో, తన దగ్గర ఉన్న సమాచారం చాలా తక్కువని, దేనికీ పనికిరానంతని తనే ఒప్పుకున్నాడు. అరవై ఏళ్లు దాటినా ఆ కథ ఇంకా సరుకు అమ్మిపెడుతూనే ఉంది.

నేను దానికి గట్టిగా చెప్పాలనుకున్నది మాత్రం 1991లో అచ్చయిన ఒక ప్రయోగం గురించి. ఆంథొనీ గ్రీన్‌వాల్డ్, ఆయన తోటివాళ్లు కొంతమందికి సబ్‌లిమినల్ క్యాసెట్లు ఇచ్చి నెల రోజులు వినమన్నారు. సగం మందికి లేబుళ్లు మార్చేశారు. జ్ఞాపకశక్తి అని రాసున్న దాంట్లో ఆత్మవిశ్వాసం టేపు, ఆత్మవిశ్వాసం అని రాసున్న దాంట్లో జ్ఞాపకశక్తి టేపు. చివర్లో పరీక్షలు పెడితే ఏ టేపూ తను చేస్తానన్న పని చేయలేదు. కానీ మూడో వంతు కంటే ఎక్కువ మంది, లేబుల్ మీద ఏది రాసుంటే అందులోనే తాము బాగుపడ్డామని నమ్మారు.

పిల్ల కాసేపు మాట్లాడలేదు. "అయితే పనిచేసిందని చెప్పేవాళ్లందరూ అబద్ధం చెబుతున్నారా?" అంది. లేదు నాన్నా, వాళ్లు నిజంగానే అలా అనుకుంటున్నారు. డబ్బు కట్టాం, రోజూ విన్నాం, కాస్త బాగున్న రోజు వస్తే ఆ పుణ్యమంతా ఆడియోకే వెళ్తుంది. వాళ్లని నేను తప్పుపట్టను.

నాకు కోపం తెప్పించేది అమ్మేవాళ్లు రాసిన సూచనలు. "ఫలితం రాకపోతే మీ లోపల ప్రతిఘటన ఉన్నట్టు. అనుమానం పెట్టుకోవద్దు, ఇంకో సెట్ వినండి." పనిచేస్తే గొప్ప వాళ్లది, చేయకపోతే లోపం పిల్లది. ఇప్పటికే ఒకసారి ప్రిలిమ్స్ పోయి, ఇంట్లో ముఖం చూపించడానికి ఇబ్బంది పడుతున్న అమ్మాయికి ఇంకో అపరాధ భావం అంటగట్టడం అన్యాయం. ఈ మాట దానికి రెండుసార్లు చెప్పాను. ఆ ఆడియో పనిచేయకపోతే ఆ తప్పు నీది కాదు, ముందే మనసులో పెట్టుకో అని.

వినొద్దని మాత్రం అనలేదు. హాస్టల్‌లో పక్క గది ఫోన్లు, రోడ్డు మీద హారన్లు, వాటి మీద వాన చప్పుడు పెట్టుకుంటే చదువుకోవడానికి హాయిగానే ఉంటుంది. ఆ మేలుకి మాత్రం లోపల దాచిన వాక్యాలు అక్కర్లేదు. రాత్రంతా ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పడుకోవద్దన్నాను. పాలిటీ రేపే మొదలుపెట్టమన్నాను, ఒక చాప్టర్ చదివి పుస్తకం మూసి గుర్తున్నది తెల్ల కాగితం మీద రాయమన్నాను. మళ్లీ మళ్లీ చదవడం కంటే ఇలా గుర్తు తెచ్చుకోవడమే ఎక్కువ రోజులు నిలుస్తుందని ప్రయోగాల్లో బాగా తేలిన విషయం.

బుకింగ్ ఆదివారం దాకా ఉందట. కట్టాలా వద్దా అన్నది దాని ఇష్టం, నా దగ్గర అనుమతి తీసుకోవాల్సిన వయసు కాదు. కడితే మాత్రం ముందు రెండు మాక్ టెస్టుల మార్కులు తేదీ వేసి రాసిపెట్టుకోమన్నాను, విన్నాక అదే రకం టెస్టులు రాసి పక్కన వేసుకోమన్నాను. "ఎలా అనిపిస్తోంది" అని తనని తాను అడగొద్దన్నాను. సరే అంది, మొదటి టెస్ట్ శనివారం రాస్తానంది.