మే ఎండలో జెర్మేనియం ఫజ్

మే నెల, ఆదివారం. బయట 40 డిగ్రీలు దాటింది. పొద్దున్న నిండుగా సాగిన ఫజ్ (గిటార్ స్వరాన్ని గరగరలాడించే పెడల్) మధ్యాహ్నానికి మాట వినడం మానేసింది. గట్టిగా మీటితే పలుకుతుంది కానీ, స్వరం సన్నగిల్లే వేళకు చిటపటలాడి తోక తెగినట్టు ఆగిపోతుంది. గిటార్‌లోనూ యాంప్‌లోనూ తేడా ఏమీ లేదు. పెడల్ లోపలి జెర్మేనియం ట్రాన్సిస్టర్లు వేడెక్కాయి, అంతే.

1966లో లండన్‌లో ఆర్బిటర్ కంపెనీ తెచ్చిన ఫజ్ ఫేస్ పెడల్‌లో ఉన్నవి రెండే ట్రాన్సిస్టర్లు. జెర్మేనియంలో లీకేజీ కరెంటు, అంటే సిగ్నల్ లేకపోయినా కారే కరెంటు, దాదాపు ప్రతి 10 డిగ్రీలకూ రెట్టింపవుతుంది. 25 డిగ్రీల దగ్గర 100 మైక్రోఆంపులు కారే ట్రాన్సిస్టర్, 40 దగ్గర 280 దాకా కారుతుంది. ట్రాన్సిస్టర్‌కి ఎమిటర్, బేస్, కలెక్టర్ అని మూడు కాళ్లు. మొదటి ట్రాన్సిస్టర్ కలెక్టర్‌కి ఉన్నది 33 కిలో ఓమ్ రెసిస్టర్. 9 వోల్టుల బ్యాటరీతో అందులో పారగలిగేది మహా అయితే 270. అదంతా లీకేజీకే పోతే రెండో దాని బేస్‌కి ఏమీ మిగలదు. ఆ రెండోది మూసుకుపోయి, 4.5 వోల్టుల దగ్గర ఉండాల్సిన దాని కలెక్టర్ 9 వైపు జారుతుంది.

కొద్దిగా జారితే ట్రిమ్‌పాట్‌తో (తిప్పి విలువ మార్చుకునే చిన్న రెసిస్టర్) సరిచేయొచ్చు. రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్‌కి ఉన్న 8.2 కిలో ఓమ్ రెసిస్టర్ తీసి, ఆ చోట 20 కిలో ఓమ్ ట్రిమ్‌పాట్ పెట్టి, మల్టీమీటర్ చూస్తూ 4.5కి తెచ్చుకోవాలి. టంకం వేసిన వెంటనే కొలిస్తే తప్పుడు అంకె వస్తుంది. పది నిమిషాలు ఆగాలి. ట్రాన్సిస్టర్‌ని వేళ్లతో పట్టుకున్నా రీడింగ్ కదులుతుంది. లీకేజీ మరీ ఎక్కువైతే మాత్రం ఏ ట్రిమ్‌పాట్ పనికిరాదు, మొదటి ట్రాన్సిస్టర్ మార్చాల్సిందే.

పాత రేడియోల్లోంచి తీసిన ఏసీ128 జెర్మేనియం ట్రాన్సిస్టర్లు దొరికితే ముందు పరీక్షించాలి. ఎమిటర్ బ్యాటరీ ప్లస్‌కి, కలెక్టర్ 2.4 కిలో, 68 ఓమ్‌ల రెసిస్టర్లు వరసగా కలిపి మైనస్‌కి. బేస్ వదిలేసి ఆ రెసిస్టర్ల జంట మీద వోల్టేజీ చూడండి. 0.25 వస్తే లీకేజీ 100 మైక్రోఆంపులన్నమాట. తర్వాత బేస్‌ని 2.2 మెగా ఓమ్ ద్వారా మైనస్‌కి కలిపి మళ్లీ కొలవాలి. రెండు రీడింగుల తేడాని 100తో గుణిస్తే గెయిన్, అంటే ట్రాన్సిస్టర్ కరెంటుని ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ అంకె. మొదటి స్థానానికి 70-80, రెండో స్థానానికి 110-120 బాగుంటాయి. మన వేసవికి మొదటిదాని లీకేజీ 50 లోపు ఉండాలని నా పట్టుదల. గెయిన్ కొంచెం అటూ ఇటూ అయినా సర్దుకోవచ్చు.

పెడల్‌ని వాల్వ్ యాంప్ నెత్తిన పెట్టకండి, అక్కడి వేడికి ఏసీ గదిలో కూడా ఇదే గతి. పాత పీఎన్‌పీ రకం ట్రాన్సిస్టర్ల ఫజ్‌లో ప్లస్సే గ్రౌండ్ కాబట్టి మిగతా పెడల్స్‌తో ఒకే అడాప్టర్ గొలుసుకి కలిపితే షార్ట్ అవుతుంది. బ్యాటరీయే మేలు, అది తాగేది ఒక మిల్లీఆంపు కూడా ఉండదు. వాయించడం అయ్యాక ఇన్‌పుట్ జాక్ ఊడదీయాలి, లేకపోతే బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. ఫజ్ ముందు బఫర్ (సిగ్నల్ బలహీనపడకుండా చూసే చిన్న సర్క్యూట్) ఉన్న పెడల్ పెడితే, అది ఆఫ్‌లో ఉన్నా స్వరం గరుకెక్కుతుంది. గిటార్ వాల్యూమ్ తగ్గించినప్పుడు వచ్చే ఆ మెత్తదనం కూడా పోతుంది.

మే, జూన్‌లలో ఆరుబయట వాయించేవాళ్లకి సిలికాన్ ట్రాన్సిస్టర్ల (బీసీ108) ఫజ్ నమ్మకం. శబ్దం కాస్త పదునుగా ఉంటుంది, యాంప్ ట్రెబుల్ ఓ గీత తగ్గించుకుంటే సరి.