జీడీబీ సిస్టమ్ కాల్ ట్రేసింగ్‌కు తెలుగు వివరణ పత్రం: మూడు వారాల పని

ప్రోగ్రాంను మధ్యలో ఆపి లోపలి స్థితిని చూపే డీబగ్గర్ జీడీబీలో సిస్టమ్ కాల్స్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగమైన కెర్నెల్‌ను ప్రోగ్రాం పని అడిగే పిలుపులను) పట్టి ఆపే సదుపాయానికి తెలుగులో వివరణ పత్రం రాయడం మొదలుపెట్టి మూడు వారాలయింది. క్యాచ్ సిస్‌కాల్ ఆదేశం గురించిన మొదటి అధ్యాయం చాలావరకు పూర్తయింది. ప్రతి వాక్యాన్నీ 64 బిట్ ఎక్స్86 లినక్స్‌పై నడిపి చూశాకే పత్రంలో ఉంచాలని నియమం పెట్టుకున్నాను. పని నెమ్మదిగా సాగడానికీ, నా పొరపాట్లు బయటపడడానికీ ఆ నియమమే కారణం.

మొదటి పొరపాటు ఉదాహరణలోనే దొర్లింది. లేని ఫైలును తెరవబోయే చిన్న సీ ప్రోగ్రాం రాసి, క్యాచ్ సిస్‌కాల్ ఓపెన్ అని ఇచ్చి నడిపితే, అది ఎక్కడా ఆగకుండా ముగిసిపోయింది. లినక్స్‌లో సీ ప్రోగ్రాంలు వాడే ప్రామాణిక లైబ్రరీ జీలిబ్‌సీలో 2.26 వెర్షన్ నుంచి ఓపెన్ అనే ఫంక్షన్ కెర్నెల్‌ను అడిగేది ఓపెన్‌యాట్ కాల్ ద్వారానే. కెర్నెల్‌లో ఓపెన్ కాల్ నంబరు 2, ఓపెన్‌యాట్ నంబరు 257. ఏ కాల్ జరుగుతుందో తెలియనప్పుడు పేరుకు బదులు, ఫైళ్లకు సంబంధించిన కాల్స్‌నన్నింటినీ పట్టే గ్రూప్:ఫైల్ అని ఇవ్వడం మేలని పత్రంలో చేర్చాను.

ఓపెన్‌యాట్‌కు మార్చాక ప్రోగ్రాం ఆగింది గాని, మొదట కనిపించినది నా ఫైలు కాదు, ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడు లైబ్రరీలను జోడించే డైనమిక్ లోడర్ తెరుస్తున్న లైబ్రరీల క్యాష్ ఫైలు. అందువల్ల మెయిన్ దగ్గర బ్రేక్‌పాయింట్ పెట్టి, అక్కడికి చేరాకే క్యాచ్‌పాయింట్ (క్యాచ్ ఆదేశంతో పెట్టే ఆపుదల) పెట్టమని రాశాను.

ఎక్కువ సమయం తీసుకున్నదీ, నా దృష్టిలో ఈ అధ్యాయానికి ప్రాణమైనదీ మరొక విషయం: ఒకే కాల్‌కు జీడీబీ రెండుసార్లు ఆగుతుంది, కెర్నెల్‌లోకి వెళ్లేటప్పుడు ఒకసారి, తిరిగి వచ్చేటప్పుడు ఇంకొకసారి. ఇది తెలియని పాఠకుడికి తర్వాత కనిపించే అంకెలేవీ అర్థం కావు. మొదటిసారి ఆగినప్పుడు ప్రాసెసర్ రిజిస్టర్లు చూస్తే, కాల్ నంబరును చూపే ఆరిగ్ ఆర్‌ఏఎక్స్‌లో 257, మొదటి ఆర్గ్యుమెంట్ ఉండే ఈడీఐలో (ఆర్‌డీఐ దిగువ సగం) -100 ఉన్నాయి. రెండో ఆర్గ్యుమెంట్ ఉండే ఆర్‌ఎస్ఐ చూపే చోటును అక్షరాలుగా చదివితే నా ఫైలు పేరు కనిపించింది. -100 అంటే ఆ పేరును ప్రస్తుత డైరెక్టరీ నుంచి వెతకమని అర్థం. అప్పుడు, కాల్ ఫలితం వచ్చే ఆర్‌ఏఎక్స్‌లో ఉన్నది -38. కాల్ ఇంకా జరగలేదు కాబట్టి ఇది ఫలితం కాదు, అలాంటి కాల్ లేదని చెప్పే ఎర్రర్ నంబరును కెర్నెల్ ముందుగా అక్కడ ఉంచుతుంది. కంటిన్యూ ఇచ్చాక రెండోసారి ఆగినప్పుడు అదే రిజిస్టర్‌లో -2 వచ్చింది, అంటే ఫైలు లేదని. సీ ప్రోగ్రాంకు కనిపించే -1, ఎర్‌నో (ఎర్రర్ నంబరు ఉండే వేరియబుల్) 2 ఆ తర్వాత లైబ్రరీ తయారుచేసేవే.

ఈ రెండు ఆగడాల ప్రభావం కమాండ్స్ బ్లాక్‌లోనూ (ఆగిన ప్రతిసారీ జీడీబీ తనంతట తానే నడిపే ఆదేశాల జాబితాలోనూ) కనిపించింది. ఫైలు పేరును ప్రింట్ చేసి ముందుకు సాగమని రాస్తే ప్రతి పేరూ రెండేసి సార్లు వచ్చింది, ఎందుకంటే తిరిగి వచ్చేటప్పటికీ ఆర్‌ఎస్ఐ మారదు. ఆర్‌ఏఎక్స్ -38 అయితేనే ప్రింట్ చేయమని షరతు పెట్టడంతో సరిపోయింది. అయితే కెర్నెల్‌లో నిజంగానే లేని కాల్‌ను పిలిచినా తిరిగి వచ్చే విలువ -38 కాబట్టి, ఆ షరతును అన్ని కాల్స్‌కూ గుడ్డిగా వాడకూడదని దాని పక్కనే హెచ్చరిక ఉంచాను.

ఆర్గ్యుమెంట్ల వరుసకు ఒక పేరా సరిపోయింది: ఆర్‌డీఐ, ఆర్‌ఎస్ఐ, ఆర్‌డీఎక్స్, ఆర్10, ఆర్8, ఆర్9. మామూలు ఫంక్షన్ పిలుపులో నాలుగోది ఆర్‌సీఎక్స్‌లో ఉంటుంది, కానీ సిస్‌కాల్ ఇన్‌స్ట్రక్షన్ తిరుగు చిరునామాను అందులోనే దాచుకుంటుంది కాబట్టి ఇక్కడ ఆర్10 వచ్చింది.

పదాల విషయంలో ఒక మార్పు చేశాను. మొదట్లో సిస్టమ్ కాల్‌ను వ్యవస్థ పిలుపు అని రాశాను, చదివి చూసుకుంటే ప్రతిచోటా అడ్డు తగిలింది. రోజూ వాడే మాటనే ఉంచాను.

నిన్న రాత్రి, సమయాన్ని అడిగే క్లాక్ గెట్‌టైమ్ కాల్‌పై క్యాచ్‌పాయింట్ పెట్టి చూశాను, ఒక్కసారీ ఆగలేదు. కెర్నెల్ ప్రతి ప్రోగ్రాం మెమరీలో ఉంచే చిన్న లైబ్రరీ వీడీఎస్ఓ ద్వారా ఆ పని కెర్నెల్‌లోకి వెళ్లకుండానే జరిగిపోతుంది కాబట్టి పట్టుకోవడానికి అక్కడ కాల్ లేదు. దీన్ని మొదటి అధ్యాయం చివర్లో చేర్చాలి. ఆ తర్వాత 32 బిట్ ప్రోగ్రాంల భాగం ఉంది: 64 బిట్‌లో 1గా ఉన్న రైట్ నంబరు అక్కడ 4, కాబట్టి నంబర్లతో రాసిన ఉదాహరణలన్నింటినీ పేర్లతో తిరగరాసి మళ్లీ నడపాలి.