డైనమో దిగిన ఆదివారం

రాత్రి పదిన్నర. చేతులు మూడుసార్లు కడిగినా గోళ్ల సందుల్లో నలుపు వదల్లేదు. గ్రీజైతే కిరసనాయిలుకి పోయేది. ఇది డైనమోలో కార్బన్ బ్రష్షులు అరిగి రాలిన పొడి, సబ్బుకు లొంగే రకం కాదు.

మా మోరిస్ మైనర్ కారు 1965 మోడల్. దానికి కరెంటు పుట్టించే పాతకాలపు డైనమో తీసేసి, అదే పని చేసే కొత్తరకం ఆల్టర్నేటర్ పెట్టాలని ఏడాదిగా అనుకుంటున్నాను. అనుకోవడమే తప్ప చెయ్యి రాలేదు. పాత బండికి పాత సామానే అందం అనే పట్టుదల ఒకటి నాలో ఉంది. కిందటి నెల వానలో, రాత్రిపూట ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయినప్పుడు ఆ పట్టుదల కాస్త తడిసింది. హెడ్‌లైట్లు, వైపర్లు, బ్రేకు లైట్లు అన్నీ ఒకేసారి పనిచేస్తున్నాయి. ఇంజను స్లోలో ఉంది. హెడ్‌లైట్లు మెల్లగా పసుపు రంగుకు దిగాయి. వైపర్లు గాజు మీద ఒక్కో అడుగూ ఆలోచించి వేస్తున్నాయి. డ్యాష్‌బోర్డు మీద, ఛార్జింగ్ అందట్లేదని చెప్పే ఎర్ర బల్బు మాత్రం మంచి కాంతితో వెలుగుతోంది!

నిజానికి అందులో డైనమో తప్పేమీ లేదు. దాని శక్తే 22 ఆంపియర్లు, అదీ ఇంజను బాగా తిరుగుతున్నప్పుడు. స్లోలో దాదాపు సున్నా. రెండు హెడ్‌లైట్లూ చెరి 45 వాట్లంటే వాటికే ఏడున్నర ఆంపియర్లు పోతాయి. ఇగ్నిషన్, వైపర్లు, వెనక లైట్లు, బ్రేకు లైట్లు కలిస్తే పదిహేను దాటుతుంది. సిగ్నల్ దగ్గర ఆగినంతసేపూ ఇదంతా బ్యాటరీ జేబులోంచి పోవాల్సిందే. అందుకే ఎక్కడ ఆగినా కుడికాలు దానంతటదే ఎక్స్‌లేటర్‌ని కాస్త నొక్కి పట్టుకునేది. పక్క బండివాళ్లు నేనేదో పందేనికి పిలుస్తున్నానని అనుకునేవారేమో.

పొద్దున ఏడింటికి బ్యాటరీ వైర్లు తీసేసి పని మొదలుపెట్టాను. ఈ బండిలో ప్లగ్గులకి స్పార్క్ ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్ డైనమో వీపు మీదే కూర్చుని ఉంటుంది. డైనమో దించాలంటే ముందు దానికి వేరే చోటు చూడాలి. పక్క గోడకి క్లాంపు వేసి బిగించాను. తర్వాత బెల్టు, మూడు బోల్టులు. డైనమో చేతిలోకి వచ్చాక తెలిసింది బరువు. గుండ్రాయిలా ఉంది.

ఊరుకోలేక వెనక మూత విప్పి చూశాను. బ్రష్షులు తాకే చోట కమ్యుటేటర్, అంటే తిరిగే చుట్టు నుంచి కరెంటు అందించే రాగి పట్టీల వరసంతా గాడి పడింది. గోరు పెడితే అందులో ఆగుతోంది. ఎన్ని లక్షల చుట్లు తిరిగితే పడుతుందో ఆ గాడి. డైనమోలో అసలు కరెంటు పుట్టే తీగచుట్టే తిరుగుతుంది. ఆ కరెంటు మొత్తం ఈ బ్రష్షుల మీదుగానే బయటికి రావాలి. మరీ జోరుగా తిప్పితే చుట్టు విడిపోతుంది, అందుకే పుల్లీ పెద్దది పెడతారు, అందుకే స్లోలో కరెంటు రాదు. ఆల్టర్నేటర్‌లో కథ తిరగబడింది. పెద్ద కరెంటు పుట్టే చుట్లు కదలకుండా ఉంటాయి, తిరిగేది అయస్కాంతంగా పనిచేసే చుట్టు. బ్రష్షుల మీదుగా పోయేది ఆ అయస్కాంతానికి కావలసిన కొద్దిపాటి కరెంటే. కాబట్టి చిన్న పుల్లీ పెట్టి డైనమో కంటే చాలా జోరుగా తిప్పుకోవచ్చు. నేను తెచ్చింది 45 ఆంపియర్లది, అయినా డైనమో కంటే తేలిక.

పుల్లీలు ఒకే వరసలోకి రాలేదు. ఆల్టర్నేటర్ పుల్లీ నాలుగు మిల్లీమీటర్లు ముందుకి ఉంది. స్కేలు ఆనించి చూడటం, వాషర్ వేయడం, మళ్లీ చూడటం. ఈ ఒక్క పనికే గంట పట్టింది.

అసలు టెన్షన్ ఎర్త్ దగ్గర. ఈ బండికి పుట్టుకతో పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ పాజిటివ్ కొసని బండి బాడీకి కలుపుతారు. ఆల్టర్నేటర్‌కేమో నెగెటివ్ ఎర్త్ కావాలి. పొరపాటున పాత పద్ధతిలో కలిపితే, కరెంటుని ఒకవైపే పోనిచ్చే లోపలి డయోడ్లు రెప్పపాటులో కాలిపోతాయి. బ్యాటరీని అటుదిటు తిప్పి పెట్టాను. పాజిటివ్ పోస్టు లావు, నెగెటివ్ పోస్టు సన్నం కాబట్టి పాత క్లాంపులు ఒకటి పట్టలేదు, ఇంకోటి వదులు. రెండూ మార్చాను. కాయిల్ మీద రెండు చిన్న వైర్లు కూడా అటుదిటు చేయాలి. చేయకపోయినా బండి నడుస్తుంది గానీ, ప్లగ్గులో స్పార్క్ ఎదురు దిశలో దూకాల్సి వచ్చి బలహీనపడుతుంది. లైట్లకి, హార్నుకి ఎటైనా ఒకటే. వైపరు మోటారులో అయస్కాంతం బదులు తీగచుట్టే ఉంది కాబట్టి అదీ పాతవైపే తిరిగింది.

బ్యాటరీ కరెంటు డైనమోలోకి వెనక్కి పోకుండా ఆపే కటౌట్ డబ్బాని మాత్రం పీకలేదు. దానికిక పనిలేదు, ఇప్పుడా పని డయోడ్లే చేస్తాయి. అయినా దాని నల్లమూత లేకపోతే బానెట్ కింద ఏదో పన్ను ఊడినట్టుంటుంది. లోపలి కనెక్షన్లు తప్పించి, వైర్లు కలుపుకోవడానికి వాడుకున్నాను. ఆల్టర్నేటర్ నుంచి, సెల్ఫ్ మోటారుకి కరెంటు కలిపే సోలినాయిడ్‌కి కొత్తగా లావు వైరు లాగాను.

మధ్యాహ్నం సెల్ఫ్ కొట్టగానే బండి లేచింది. బ్యాటరీకి మల్టీమీటర్ పెడితే 12.4 వోల్టులు. కాసేపు చూశాను. 12.3. దిగుతోంది! వైర్లన్నీ విప్పి మళ్లీ బిగించాను. మళ్లీ అంతే. కొత్త ఆల్టర్నేటర్‌ని నేనే కాల్చేశానని ఖాయం చేసుకుని, స్టూలు మీద కూలబడి గంటన్నర దాన్నే చూస్తూ గడిపాను. చూస్తే బాగవుతుందన్నట్టు.

టార్చి పట్టుకోవడానికి వచ్చిన మా అమ్మాయి డ్రైవరు సీట్లో కూర్చుని తాళం తిప్పింది. "నాన్నా, ఇక్కడ ఎర్ర లైటు వెలిగేది కదా. ఇవాళ వెలగట్లేదేంటి?"

ఆ మాటకి నాకు సిగ్గేసింది. పొద్దున ఆ బల్బు వైరు ఏదో వెతుకుతూ డ్యాష్‌బోర్డు వెనక చెయ్యి పెట్టి గుంజింది నేనే. చూస్తే బల్బు హోల్డర్లో వదులై వేలాడుతోంది. 2.2 వాట్ల మర బల్బు, చిటికెన వేలి కొసంత. రెండు చుట్లు తిప్పి బిగించాను.

డైనమో ఉన్నన్నాళ్లూ ఆ బల్బుది కబురు చెప్పే పనే. డైనమో ఇనుములో కాస్త అయస్కాంతం ఎప్పుడూ మిగిలే ఉంటుంది కాబట్టి బల్బు ఉన్నా లేకపోయినా కరెంటు పుడుతుంది. ఆల్టర్నేటర్‌కి అలా కాదు. తాళం తిప్పగానే ఆ బల్బులోంచి వెళ్లే చిటికెడు కరెంటే లోపలి అయస్కాంతాన్ని నిద్రలేపాలి. ఈ సంగతి నేను చదివాను కూడా. చదివిన చోట కింద గీత కూడా గీశాను.

ఈసారి తాళం తిప్పితే ఎర్రగా వెలిగింది. సెల్ఫ్ కొట్టి, కాస్త రేస్ చేయగానే ఆరిపోయింది. మీటరు 14.2. హెడ్‌లైట్లు వేసి, వైపర్లు ఆన్ చేసి, స్లోలో వదిలేశాను. 13.9 దగ్గర నిలబడింది. అమ్మాయి అడక్కుండానే హార్ను కూడా కొట్టింది.

సాయంత్రం ఒక చుట్టు తిరిగొచ్చాం. మొదటి సిగ్నల్ దగ్గరే నా కాలు ఎక్స్‌లేటర్ మీదికి పోయింది. "ఇప్పుడెందుకు నాన్నా?" అంది అమ్మాయి. తీశాను. రెండో సిగ్నల్ దగ్గర మళ్లీ పోయింది.

డైనమోని తుడిచి, బుష్‌లో రెండు చుక్కల నూనె వేసి, పాత చొక్కాలో చుట్టి అలమరా అడుగున పెట్టాను. అట్టముక్క మీద పెద్దక్షరాలతో "నెగెటివ్ ఎర్త్" అని రాసి బానెట్ కింద కట్టాను, రేపు ఇంకెవరైనా బ్యాటరీ మారుస్తే చూసుకుంటారని. కొత్త బెల్టు సాగుతుంది, వచ్చే ఆదివారం మళ్లీ బిగించాలి. బొటనవేలితో నొక్కితే అర అంగుళం దిగాలి, అంతకంటే ఎక్కువ కాదు.