ర్యాష్ డ్రైవింగ్ కేసులో ‘ఒప్పేసుకుని ఫైన్ కట్టేయ్’ అన్నారా? కాస్త ఆగండి

విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరో, రామవరప్పాడు రింగులోనో బండి తగిలి కేసయిందంటే కోర్టు వరండాలో మొదట వినిపించే సలహా ఒకటే: ‘ఒప్పేసుకోండి సార్, వెయ్యి రూపాయలతో పోతుంది.’ వెయ్యి మాట కొన్ని కేసుల్లో నిజమే. కానీ దాంతోపాటు మీ పేరున శిక్ష పడినట్టు రికార్డవుతుంది. రేపు ప్రభుత్వోద్యోగం వెరిఫికేషన్లోనో, లైసెన్సు సస్పెన్షన్ నోటీసులోనో, నష్టపరిహారం కేసులో అవతలి వకీలు చేతిలోనో ఆ కాగితమే బయటికొస్తుంది.

ముందు ఎఫ్‌ఐఆర్ కాపీ తీసుకుని సెక్షన్లు చూడండి. 2024 జూలై 1 నుంచి పాత ఐపీసీ 279కి బదులు భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్‌ఎస్ 281 వచ్చింది: ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి వరకు జరిమానా, లేదా రెండూ. ఎదుటి మనిషికి దెబ్బ తగిలితే 125(ఎ). ఎముక విరిగితే 125(బి), దీనికి మూడేళ్ల దాకా పడొచ్చు. ప్రాణం పోతే 106(1), ఐదేళ్ల దాకా. మొదట 125(ఎ) రాసిన కేసు, జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) నుంచి గాయాల సర్టిఫికెట్‌లో ఫ్రాక్చర్ అని రాగానే 125(బి)కి మారుతుంది. అందుకే మొదటిరోజు ఎఫ్‌ఐఆర్ చూసి నిశ్చింతగా ఉండిపోకూడదు.

పైన చెప్పిన నాలుగూ బెయిలబుల్ నేరాలే. పూచీకత్తు ఇస్తే స్టేషన్లోనే బెయిలు దొరకాలి. చాలాసార్లు అరెస్టు లేకుండా, విచారణకు రమ్మని, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం), అంటే బీఎన్‌ఎస్‌ఎస్ 35(3) నోటీసు ఇస్తారు. దాన్ని తేలిగ్గా తీసుకుని వెళ్లకపోతే అరెస్టుకు దారి మీరే తెరిచినట్టు. వెళ్లండి, కానీ ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకండి. పోలీసుల ముందు ఒప్పుకున్న మాట కోర్టులో మీ మీద సాక్ష్యంగా చెల్లదు.

మోటారు వాహనాల చట్టం 184 కూడా పెట్టారేమో చూడండి. 2019 సవరణ తర్వాత రెడ్ సిగ్నల్ దాటడం, చేతిలో ఫోను పట్టుకుని నడపడం, ఎదురు దారిలో రావడం ఇందులోకే వస్తాయి. సర్వీసు రోడ్డులో నాలుగు గజాలే కదా ఎదురొచ్చాను అనే వాదన ఇక్కడ నిలబడదు. అదే చట్టం 134 ప్రకారం గాయపడినవాళ్లకు వైద్యం అందేలా చూడటం, 24 గంటల్లోగా పోలీసులకు చెప్పడం డ్రైవరు బాధ్యత. జనం మీదపడి కొట్టే పరిస్థితి ఉంటే ఆగకపోవడానికి చట్టం మినహాయింపు ఇస్తుంది. అలాంటప్పుడు నేరుగా దగ్గర్లోని స్టేషన్‌కి వెళ్లాలి, ఇంటికి కాదు.

ఇక అసలు సంగతి. ఈ కేసు నిలిచేదీ, పోయేదీ మొదటి వారంలో పుట్టే కాగితాల మీదే. పోలీసులు గీసే రఫ్ స్కెచ్, పంచనామా, మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు, గాయాల సర్టిఫికెట్. ఆ ఇన్‌స్పెక్టర్ (ఎంవీఐ) చూడకముందే బండిని ఆటోనగర్ షెడ్డుకు తోలి బంపరు మార్పించారంటే, బ్రేకు ఫెయిలయిందన్న మీ వాదన కూడా ఆ బంపరుతోపాటే పోయింది. రోడ్డు వెడల్పు, డివైడర్ గ్యాప్, బ్రేకు గీతలు, వీధిలైటు వెలుగుతోందో లేదో, అన్నీ వెంటనే ఫొటోలు తీయించండి. దుకాణాల సీసీ కెమెరాల్లో పాత ఫుటేజీ మీద కొత్తది ఎక్కేస్తుంది. అది భద్రపరచమని స్టేషన్ హౌస్ ఆఫీసరుకు రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. డ్యాష్‌క్యామ్ ఉంటే మెమరీ కార్డు తీసి దాచండి. కోర్టులో కాపీ దాఖలు చేస్తే భారతీయ సాక్ష్య అధినియమం (కొత్త సాక్ష్య చట్టం) 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి. అది లేకే మంచి వీడియోలు పక్కకు పోతుంటాయి.

బండి స్టేషన్లో ఎండకు ఎండుతుంటే మేజిస్ట్రేట్ ముందు విడుదల పిటిషన్ వేయాలి. ఆర్‌సీ, ఇన్సూరెన్సు, లైసెన్సు, పూచీకత్తు సిద్ధంగా పెట్టుకోండి. స్టేషన్లలో వాహనాలను ఏళ్ల తరబడి ఉంచొద్దని సుప్రీంకోర్టు 2002లోనే సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో చెప్పింది.

వకీలు ఎంపికలో విజయవాడవాళ్లు ఒక సంగతి మర్చిపోతారు. కృష్ణా నది మీది వారధి దాటాక ప్రమాదం జరిగితే అది తాడేపల్లి వైపు, అంటే గుంటూరు జిల్లా. కేసు కూడా ఆవైపు కోర్టుకే పోతుంది. ఆ కోర్టులో రోజూ కనిపించే క్రిమినల్ వకీలు కావాలి. ఎంవీఐని క్రాస్ ఎగ్జామిన్ చేసేది మీరేనా, జూనియరా అని అడగండి. బెయిలు, బండి విడుదల, విచారణ, ఇలా దశలవారీగా ఫీజు మాట్లాడుకోండి. ఇన్సూరెన్సు కంపెనీ వకీలు మీ వకీలు కాదు; ఆయన కాపాడేది కంపెనీ డబ్బును. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. 15100కి ఫోను చేయొచ్చు.

విచారణలో సాక్షులంతా చిలకల్లా ఒకే మాట పలుకుతారు: ‘అతివేగంగా, అజాగ్రత్తగా నడిపాడు.’ వేగం అన్నంత మాత్రాన నిర్లక్ష్యం రుజువైనట్టు కాదని కర్ణాటక వర్సెస్ సతీష్ కేసులో 1998లో సుప్రీంకోర్టు తేల్చింది. 2000లో మొహమ్మద్ ఐనుద్దీన్ కేసులో మన రాష్ట్ర బస్సు డ్రైవరే నిర్దోషిగా బయటపడ్డాడు. ప్రయాణికురాలు బస్సు నుంచి పడి చనిపోవడం నిజమే అయినా, అంతమాత్రాన తప్పు డ్రైవరుదని అనలేమంది కోర్టు. మీ వకీలు పట్టుకోవాల్సినవి మూడు: నడిపింది మీరేనని సాక్షి గుర్తుపట్టాడా, ఏ పనిని నిర్లక్ష్యం అంటున్నారు, ప్రమాదం ఆ పని వల్లే జరిగిందా. స్కెచ్‌లో ఢీకొన్నచోటు మీ లేన్‌లోనే ఉంటే సగం పని అయినట్టే.

రాజీ సంగతి. స్టాంపు పేపరు మీద రాసుకుని, పెద్దమనుషుల ముందు డబ్బు చేతులు మారితే కేసు పోదు. 125 కింద గాయాలకు బాధితుడు కోర్టులో రాజీపడొచ్చు. 281 మాత్రం రాజీ కుదిరే సెక్షన్ కాదు. దాన్ని కొట్టివేయించాలంటే అమరావతి నేలపాడులో ఉన్న హైకోర్టుకు వెళ్లాల్సిందే. మరణం కేసులోనూ కింది కోర్టులో రాజీకి వీల్లేదు. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లో బాధితులు పరిహారం కేసు వేసుకోవచ్చు, అది విడిగా నడుస్తుంది.

281, 125(ఎ) మాత్రమే ఉండి, ప్రమాదం జరిగి ఏడాది దాటాక ఎఫ్‌ఐఆర్ నమోదైతే, మామూలుగా కోర్టు కేసును స్వీకరించకూడదు. ఎఫ్‌ఐఆర్ నమోదైన తేదీని వకీలు చేత చూపించుకోండి. వాయిదాకు రాలేకపోతే గైర్హాజరు పిటిషన్ తప్పకుండా వేయించాలి, లేదంటే నాన్‌బెయిలబుల్ వారంటు వస్తుంది. అమెరికా టికెట్ కొన్నవాళ్లకు చివరి మాట: కోర్టులో కేసు నడుస్తుండగా పాస్‌పోర్టు కావాలన్నా, రెన్యువల్ కావాలన్నా ఆ కోర్టు అనుమతి ఉత్తర్వు ఉండాలి, కాబట్టి ఆ పిటిషన్ ముందే వేయించండి.