మిగిలిన రీలు

మొన్న ఆదివారం కటింగ్ షాపులో మళ్లీ అదే మాట వచ్చింది. గోడ మీద టీవీలో ఏదో కొత్త పాట మోగుతోంది. నా పక్కన కూర్చున్న రిటైర్డ్ సార్ పేపర్ మడిచి ఒళ్లో పెట్టుకొని, "ఇవి కూడా పాటలేనా? పాటలంటే మన కాలంల ఉండె" అన్నాడు. బెంచీ మీదున్న నలుగురూ నిజమే నిజమే అన్నారు. తర్వాత అందరూ నా దిక్కు చూశారు. నేను ఒకప్పుడు నల్లగొండ ప్రకాశం బజార్ సందులో క్యాసెట్లు రికార్డు చేసిచ్చేవాణ్నని వాళ్లకు తెలుసు. నేను కూడా అవునంటే ఇక దానికి తిరుగు లేదు. తల ఊపాను. "తల కదపకు సార్, చెవు తెగుతది" అన్నాడు కత్తెర పట్టుకున్న పిలగాడు.

ఇంటికొచ్చాక ఎందుకో మనసులో నస మొదలైంది. తల ఊపితే ఊపాను, రుజువు కూడా చూసుకుందాం అని అటక మీద నుంచి పాత నోట్‌బుక్కులు దింపాను.

షాపు 1988లో పెట్టి 2003లో మూసేశాను. రెండు డెక్కులు, ఒక ఆంప్లిఫయర్, ఒక టేబుల్ ఫ్యాను, గోడ నిండా క్యాసెట్లు. అంతే షాపు. ఇద్దరు కస్టమర్లు ఒకేసారి వస్తే ఒకరు బయట నిలబడాల్సిందే. 60 క్యాసెట్ అంటే ఒక్కో దిక్కు అరగంట, ఆరు పాటలు పడతాయి. 90 అయితే ముప్పావు గంట, కానీ దాని రీలు పల్చన. ఎండకు సాగుతుంది, ప్లేయర్లో చుట్టుకుంటుంది. ఆటోవాళ్లకు అది వద్దనే చెప్పేవాణ్ని. జనం పాటల లిస్టు సిగరెట్ పెట్టె అట్ట మీద, పెండ్లి పత్రిక వెనక, ఒకాయనైతే కరెంటు బిల్లు వెనక రాసుకొచ్చేవాళ్లు. దాన్ని లాంగ్ నోట్‌బుక్కులో ఎక్కించుకొని మూడు రోజులాగి రమ్మనేవాణ్ని. అట్లా పదకొండు నోట్‌బుక్కులు నిండాయి. (కాపీరైట్ సంగతి అడక్కండి. అప్పుడు ఏ ఊళ్లో చూసినా నాలాంటి షాపు ఒకటి ఉండేది. తప్పే, కాదనను.)

మొదట చేతికొచ్చిన పేజీ 1991 దసరా ముందుది. పన్నెండు పాటలు. అందులో మూడు ఇప్పటికీ అందరికీ తెలిసినవే. రెండు నేను కూనిరాగం తీయగలను. మిగిలిన ఏడు? సినిమా పేర్లు చదివినా ఏమీ గుర్తు రాలేదు. స్వయంగా నా చేత్తో ఎక్కించిన పాటలు, పక్కన కూర్చొని మొదటి నుంచి చివరి దాకా విన్న పాటలు, ఒక్క ముక్క కూడా లోపల మిగల్లేదు. ఇంకో పది పేజీలు తిప్పాను. ఎక్కడ చూసినా ఇదే లెక్క. పైగా కొన్ని పాటలు చూస్తే ఇప్పుడు కూడా సిగ్గేసింది. మా నాయన సందు మలుపు తిరుగుతున్నాడని తెలిస్తే చాలు, చటుక్కున వాల్యూమ్ తగ్గించిన పాటలవి. ఒక్కో వారం అట్లాంటివే ఎక్కువ అడిగేవాళ్లు. కటింగ్ షాపు బెంచీ మీద వాటి ఊసు ఎవరూ ఎత్తరు.

ఇంకో సంగతి. సైడ్ చివర రెండు మూడు నిమిషాల రీలు మిగిలితే ఖాళీగా వదలడం నాకు నచ్చేది కాదు. లిస్టులో లేకపోయినా చిన్న పాట ఏదో ఒకటి నాకిష్టమైంది వేసి నింపేవాణ్ని. ఇప్పటికీ బస్టాండ్ దగ్గర ఎవరో ఒకరు ఆపి అడుగుతారు: "అన్నా, ఆ పాట అయిపోంగనే ఇంకోటి వచ్చేది గద, అదేంది?" సినిమా ఏదో తెలియదు, పాడిందెవరో తెలియదు, దేని తర్వాత వచ్చేదో మాత్రం తెలుసు. యాభై దాటిన మనిషి ఒక పాట అవగానే రెండోది ఎత్తుకుంటాడు. ఆ వరస ఏ సినిమాలోనూ లేదు, నేను పేర్చింది. మా కాలం పాటలు గొప్పవి అని వాళ్లు అంటుంటే కొంచెం గర్వంగానే ఉంటుంది, దాచుకోను.

మా నాయన ఘంటసాల మనిషి. 1974 ఫిబ్రవరిలో ఘంటసాల పోయిన తర్వాత వచ్చిన దేన్నీ ఆయన పాట అనలేదు. షాపులో బాలు పాట పెడితే, "గొంతు బాగనే ఉంది గని, ఆ డబ్బాలు కొట్టుడేందిరా" అనేవాడు. బాలు అప్పటికి పాడబట్టి పాతికేళ్లు కావొస్తోంది. మా నాయనకు మాత్రం ఇంకా కొత్త పిలగాడే. 2020 సెప్టెంబరులో బాలు పోయిన రోజు నేను ఫేస్‌బుక్‌లో "ఇక పాట పోయింది" అని పెట్టాను. ఎంతమంది లైకులు కొట్టారో. రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది, అది మా నాయన మాటేనని.

అట్లాగని అంతా బాగుందని కూడా అనలేను. పోయింది ఒకటి ఉంది, అది నా డెక్కు మీదే కనిపిస్తుంది. దానికి మోత ఎంతుందో చూపే ముల్లు మీటర్లు రెండు ఉన్నాయి. పాత పాట వేస్తే ఆ ముల్లు పల్లవికి లేస్తుంది, చరణానికి ముందు పడిపోతుంది, వేణువు దగ్గర చిన్నగా వణుకుతుంది, కోరస్ రాగానే మళ్లీ ఎగురుతుంది. మా కోడలి ఫోన్ వైరు పెట్టి ఈ ఏడాది పాట ఒకటి వేశాను. ముల్లు ఎర్ర గీత దగ్గరికి పోయి అక్కడే అతుక్కుంది. పాట అయిపోయేదాకా దిగలేదు. గుసగుసగా పాడినా అదే ఎత్తు, డప్పు మోగినా అదే ఎత్తు. బస్సులో, బజార్లో, ఫోన్ స్పీకర్‌లో కూడా వినపడాలని అట్లా నొక్కిపెడతారు. ఆ మోతలో మాట మునిగిపోతుంది. రెండుసార్లు విన్నా పల్లవిలో మూడో మాట ఏమిటో నాకు అందలేదు. కోడలు చెప్పింది. మంచి మాటే, కవి బాగానే రాశాడు పాపం.

ఎత్తుగడ కూడా కుదించుకుపోయింది. స్పాటిఫైలాంటి వాటిలో 30 సెకన్లు దాటితేనే ఒకసారి విన్నట్టు లెక్క. అంతలోపల మనిషి వేలు పక్క పాట మీదికి పోకుండా పట్టుకోవాలి. నిమిషం సేపు వయొలిన్లు మోగాక తీరిగ్గా గొంతు విప్పడం ఇప్పుడు కుదురుతుందా? అయితే గ్రామఫోన్ ప్లేటు కాలంలో కూడా పాట మూడు నిమిషాల్లో ముగిసేది, ప్లేటు ఒక దిక్కు పట్టేది అంతే కాబట్టి. పాట ఎప్పుడూ గిన్నెను బట్టే ఉంది.

ఈ లెక్కలన్నీ వేస్తూ ఐదో నోట్‌బుక్కు దాకా వచ్చాక ఇంకోటి కనిపించింది. ఇన్ని వేల పాటల్లో మన తెలంగాణ దిక్కు మాట లేదు. మా అమ్మ మాట్లాడినట్టు, మా వాడకట్టు మాట్లాడినట్టు ఉన్న పాట వెతికితే దొరకదు. అప్పటి సినిమాలో మన యాస రౌడీకి, తాగుబోతుకు. పాటలు లేక కాదు. నాట్లప్పుడు పాడేవాళ్లు, బతుకమ్మ చుట్టూ పాడేవాళ్లు, పీర్ల పండుగకు గుండం చుట్టూ పాడేవాళ్లు. పాత నల్లగొండ జిల్లాలోనే సుద్దాల హనుమంతు పాటలు సాయుధ పోరాటం నాడు ఊరూరూ తిరిగాయి, ఏ రీలూ లేకుండానే. కానీ నా షాపుకొచ్చి "అన్నా, నాట్ల పాటలు నింపియ్యి" అని అడిగినవాళ్లు లేరు. అడిగితే నేను నవ్వేవాణ్నేమో కూడా.

ఇప్పుడు చూడండి. మొన్న మా తమ్ముడి బిడ్డ పెండ్లి బరాత్‌లో డీజే పెట్టారు. నాకు గుండె అదిరి పక్క సందులోకి పోయి నిలబడ్డాను, అది వేరే సంగతి. కానీ మోగిన వాటిలో సగం పాటలు యూట్యూబ్‌వే. పొలం గట్టు మీద, చింతచెట్టు కింద తీసినవి, మన మాటలోనే ఉన్నవి. కోట్ల మంది చూస్తున్నారట. నాగర్‌కర్నూల్ దిక్కు పన్నెండు మెట్ల కిన్నెర వాయించుకుంటూ ఊరూరా తిరిగిన దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది, పెద్ద హీరో సినిమా పాటలో ఆయన గొంతు వినపడింది. నేను షాపు నడిపిన పదిహేనేళ్లలో ఆయన క్యాసెట్ ఒక్కటి కూడా నా గోడ మీద లేదు. ఈ యూట్యూబ్ పాటల్లోనూ చెత్త ఉంది, ఒకే దరువు మీద పది పాటలు, అదే బావ, అదే మరదలు. 1991లో ఏడు పాటలు చెత్తే కదా. పాట తగ్గిందా అంటే నేనిప్పుడు ముందు అడిగేది, ఎవరి పాట అని.

అడిగినవాళ్లు లేరు అన్నాను. అది అబద్ధం. ఏడో నోట్‌బుక్కులో దొరికింది: "అవ్వ పాటలు, 60, ఒకటి. అడ్వాన్స్ 10." 1996 ఎండాకాలం. మిగతా వరసలన్నింటి మీదా అడ్డగీత ఉంది, తీసుకుపోయినట్టు. దీని మీద లేదు.

మునుగోడు దిక్కు నుంచి ఒక పిలగాడు తల్లిని వెంటబెట్టుకొని వచ్చాడు. భీవండికి మగ్గం పనికి పోతున్నాడట. "మా అమ్మ పాటలు నింపియ్యన్నా, ఆడ వినుకుంట" అన్నాడు. ఆ ఊళ్ల ఫ్లోరైడ్ నీళ్ల సంగతి తెలిసిందే కదా, ఆమెకు మోకాళ్లు వంగవు. నా స్టూలు మీద కాళ్లు బారజాపి కూర్చుంది. ఎనౌన్స్‌మెంట్లకు వాడే మైకు ముందు పెట్టాను. మొదట సిగ్గుపడింది, కొంగు నోటికడ్డం పెట్టుకుంది. తర్వాత మొదలుపెట్టాక ఆపితే ఒట్టు. బతుకమ్మవి, కలుపుతీతవి, అప్పగింతలవి. పాట మధ్యలో రీలు అయిపోతే సైడ్ మార్చి ఆగిన కాడి నుంచి ఎత్తుకోమన్నాను. ఆమె మాత్రం మొదటి నుంచే పాడింది. గంట సేపు సందులో జనం ఆగి చూశారు.

మూడు రోజులాగి రమ్మన్నాను, అలవాటు కొద్దీ. దానికి చేయాల్సిన పనేమీ లేదు నిజానికి, అప్పుడే చేతికిచ్చి ఉండొచ్చు. వాళ్లు మళ్లీ రాలేదు. ఏమైందో తెలియదు. దసరా దాకా డ్రాయర్లోనే ఉంది. ఆ పండుగ సీజన్లో ఖాళీ క్యాసెట్లకు కరువొచ్చింది, షాపులో మోగించుకోవడానికి నాకొకటి కావాల్సి వచ్చింది. క్యాసెట్ వెనక రెండు చిన్న చెవులుంటాయి, అవి విరగ్గొడితే దాని మీద మళ్లీ రికార్డు కాదు. కస్టమర్ చేతికిచ్చేటప్పుడే విరగ్గొట్టేవాణ్ని. దీనికి చెవులు అట్లాగే ఉన్నాయి. ఆ నెల హిట్లు రెండు దిక్కులా ఎక్కించాను. ఏమీ అనిపించలేదు అప్పుడు.

షాపు మూసినప్పుడు పాడైన క్యాసెట్లు రెండు సంచులు మా బావమరిదికి ఇచ్చాను, జొన్న చేనుకు పిట్టల కోసం. 60 క్యాసెట్‌లో దాదాపు 86 మీటర్ల రీలు ఉంటుంది. కట్టెలు పాతి కడితే గాలికి మెరుస్తూ జుయ్యిమంటుంది. పిట్టలు వారం రోజులు భయపడ్డాయి, తర్వాత అలవాటుపడ్డాయి. షాపులో మోగించుకున్నవి మాత్రం ఒక డబ్బాలో పెట్టి ఇంటికి తెచ్చుకున్నాను. అది అందులోనే ఉంది. లేబుల్ మీద నా రాతే, సినిమా పేర్లు.

డెక్కులో మీటర్లు కదిలినా మోటార్ బెల్టు జిగురై కారిపోయింది. కోఠి గుజరాతీ గల్లీకి పోయి బెల్టు తెచ్చి వేశాను. దూదికి స్పిరిట్ ముంచి హెడ్డు తుడిచాను. సైడ్ ఎ మొత్తం సినిమా పాటలే. సైడ్ బి ఒకటి, రెండు, మూడు... వాటిలో నాలుగు నాకు గుర్తు కూడా లేవు. ఆరోది అయిపోయింది. టక్‌మని నేను బటన్ నొక్కిన చప్పుడు. ఆ రోజు తొందరలో చివర నింపలేదు.

తర్వాత ఫ్యాను గాలి. మాట మధ్యలో నుంచి ఆమె గొంతు, "...యాలో" అని. రెండు వరసలు పాడింది. బయట ఆటో హారన్. ఒక దగ్గు. "అయిందా కొడుకా?" "అయిందవ్వా" అని నా గొంతు, చాలా పల్చగా ఉంది. "జెర నీళ్లియ్యి."

మళ్లీ తిప్పి గడియారం పెట్టుకొని చూశాను. నలభై రెండు సెకన్లు. సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున రెండు మీటర్ల రీలు. స్క్రూడ్రైవర్ తెచ్చి వెనక చెవులు రెండూ విరగ్గొట్టాను.