పదమూడో ఎక్కం జట్టు

మన టెన్త్ క్లాసు కలయిక సంచికకు ఏదైనా రాయమని కమిటీ తరఫున మన రేడియో గాడు ఫోన్ చేశాడు (ఇందులో అందరికీ బడిలో పిలుచుకున్న పేర్లే వాడుతున్నాను). రెండు పేజీలు, ఒక ఫొటో, ఆదివారంలోగా పంపాలి. దేని గురించి రాయమంటావని అడిగితే, "నీకు వేరే సబ్జెక్టు ఉందేంటి? పదమూడు గురించే రాయి" అన్నాడు. మన బి సెక్షన్‌లో ఆ మాట తెలియనివాళ్ళు లేరు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

పాతికేళ్ళకు పెట్టుకోవాల్సిన కలయిక ఏడాది వెనక్కి జరిగిందని చాలామంది బాధపడ్డారు. నాకైతే సంతోషమే. మనం 2000లో బడి దాటాం, ఇది 2026. పదమూడు రెండ్లు ఇరవయ్యారు.

1999 జూన్‌లో హాజరుపట్టీ రాసినప్పుడు పదమూడో నంబరు నాకు పడింది. ముందు రెండేళ్ళూ ఆ నంబరువాళ్ళు టెన్త్ తప్పారని పుల్లట్టు ఇంటర్వెల్‌లోపే స్కూలంతా చాటేశాడు. సాయంత్రానికి కబురు మా ఇంటికి చేరింది. నంబరు మార్పించి తీరాలని అమ్మమ్మ పట్టుబట్టింది. నాన్న మర్నాడు బడికి వచ్చి నిలబడితే, లెక్కల మాస్టారు ఆయనకు కుర్చీ వేయించి ఒక్కటే మాట చెప్పారు: "పన్నెండు తర్వాత పద్నాలుగు రాస్తాననుకోండి, ఆ పద్నాలుగోవాడే పదమూడోవాడవుతాడు. ఎవరో ఒకరి పిల్లవాడు అక్కడ ఉండాల్సిందే కదండీ." నాన్న మారుమాట్లాడకుండా వెళ్ళిపోయారు.

ఆ వారమే వేట మొదలైంది. బోర్డుకు కుడివైపు పైమూల మాస్టారు చాక్‌పీస్‌తో గీసే చిన్న గడి మీకు గుర్తే. రోజుకొక పదమూడు దొరకాలి, దానంతటది దొరకాలి, లాగి తెచ్చింది చెల్లదు. చిన్న బుజ్జి తన చొక్కా గుండీలూ తమ్ముడి చొక్కా గుండీలూ కలిపితే ఒప్పుకోలేదు. పెద్ద బుజ్జి అమలాపురం బస్సు టికెట్ నంబరులో అంకెలు కూడితే మాత్రం గడిలోకి ఎక్కించారు. మనతో చదివిన టీచరమ్మ, వాళ్ళ ఇంటి నుంచి బడి గేటు దాకా కరెంటు స్తంభాలు పదమూడని చెప్పినప్పుడు మాస్టారు నమ్మలేదు. సాయంత్రం స్వయంగా సైకిల్ మీద వెళ్ళి లెక్కపెట్టుకుని వచ్చి, మర్నాడు అందరి ముందూ చప్పట్లు కొట్టించారు. 13, 26, 39, 52 రోల్ నంబర్లు కలిపి మమ్మల్ని పదమూడో ఎక్కం జట్టు అన్నది కూడా ఆ రోజే.

శుక్రవారం 13వ తేదీ అంటే ఇంగ్లీషువాళ్ళకు హడల్. ఆ ఏడాది మొత్తానికి అలాంటి రోజు ఒక్కటే వచ్చింది, ఆగస్టులో. రెండు రోజుల ముందే సూర్యగ్రహణం, దానికి తోడు ఇది. రేడియో గాడు వాళ్ళ బాబాయి దగ్గర విన్నవన్నీ చెప్పి మమ్మల్ని బెదరగొట్టాడు. తీరా చూస్తే ఆ రోజు తొలి శ్రావణ శుక్రవారం! ఆడపిల్లలంతా పసుపు కాళ్ళతో, కనకాంబరాలతో వచ్చారు. టీచరమ్మ తెచ్చిన నానబెట్టిన శనగలు మాస్టారు గుప్పెడు తీసుకుని, టేబుల్ మీద పోసి, వేలితో ఒక్కొక్కటే పక్కకు జరుపుతూ లెక్కపెట్టారు. క్లాసంతా ఊపిరి బిగబట్టింది. పదిహేడు వచ్చాయి. నాలుగు తినేస్తే సరిపోతుంది కదా సార్ అని బ్యాటరీ అరిచాడు. ఆయన తల అడ్డంగా ఊపి, గడి ఖాళీగా వదిలేసి, శనగలన్నీ తినేశారు. అంత నిజాయితీ నేను ఆ తర్వాత పెద్ద పెద్ద ఆఫీసుల్లో కూడా అరుదుగానే చూశాను.

పేకముక్కల రోజు సంగతి రాయకపోతే మీరెవరూ నన్ను క్షమించరు. మాస్టారు సంచిలోంచి పేక కట్ట తీసి టేబుల్ మీద పెట్టగానే కిటికీ పక్కవాళ్ళు వరండా వైపు చూశారు. రంగుకి పదమూడు ముక్కలు. మన తాతయ్యలు అరుగుల మీద రోజూ ఆడేది పదమూడు ముక్కలాటే, మరి వాళ్ళకు రాని భయం మీకెందుకని అడిగారు. తర్వాత ఆసు ఒకటి, జాకీ పదకొండు, రాణి పన్నెండు, రాజు పదమూడుగా కట్టంతా కూడమన్నారు. ఒక్కో వరస ఒక్కో రంగు తీసుకుంది. నాలుగు వరసలకూ 91 వచ్చింది, మొత్తం 364. "ఏడాదికి ఒకటి తక్కువైందే" అంటూ జోకర్ని తీసి పైన పెట్టారు. 365! సరిగ్గా అప్పుడే హెడ్మాస్టారు గారు గుమ్మంలోకి వచ్చారు. మన గుండెలు ఆగిపోయాయి. ఆయన బోర్డు చూశారు, ముక్కలు చూశారు, వెనక బెంచీలో కూర్చుని పీరియడ్ అయిపోయేదాకా లేవలేదు. 482ని పక్కపక్కన రెండుసార్లు రాసి ఏడుతో, పదకొండుతో, పదమూడుతో వరుసగా భాగించమంటే మళ్ళీ 482 వచ్చింది చూశారూ, ఆ నంబరు ఇచ్చింది హెడ్మాస్టారు గారే.

వాజపేయి గారి సంగతి మాత్రం పేపర్ కటింగ్‌లతో సహా మాస్టారే తెచ్చారు. మొదటిసారి పదమూడు రోజుల ప్రభుత్వం, రెండోసారి పదమూడు నెలలది. మూడోసారి 1999 అక్టోబరు 13న ప్రమాణ స్వీకారం, అదీ పదమూడో లోక్‌సభకు. ఆ సభ నాలుగేళ్ళు దాటి నిలబడింది. ఏప్రిల్‌లో ఒక్క ఓటుతో ప్రభుత్వం పడిన రోజున స్పీకర్ కుర్చీలో ఉన్నది మన బాలయోగి గారు. పదమూడో లోక్‌సభకు మళ్ళీ ఆయన్నే ఎన్నుకున్నారు. "కోనసీమవాడికి పదమూడు అచ్చొచ్చింది" అని మాస్టారు ఎంత గర్వంగా అన్నారో!

పదమూడో నంబరు ఫస్ట్ క్లాసులో పాసైంది. లెక్కల్లో 91, అంటే పదమూడు ఏడ్లు తొంభై ఒకటి. ఆ తర్వాత కాకినాడలో డిప్లొమా, హైదరాబాద్‌లో ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు. వాటి గురించి కలిసినప్పుడు చెప్పుకుందాం.

ప్రస్తుతం నాకు సొంతంగా లిఫ్టులు బిగించే వ్యాపారం ఉంది. నలభై మంది దాకా పనిచేస్తున్నారు. బిల్డర్లు చాలామంది ముందే చెబుతారు, "పదమూడు బటన్ వద్దండీ, 12ఏ పెట్టేయండి" అని. స్టీలు పలక మీద ఏం చెక్కినా, లోపలి కంట్రోలర్ మాత్రం లిఫ్టు ఆగే చోట్లను కింద నుంచి వరుసగా లెక్కపెట్టుకుంటుంది. తెర మీద ఏ అక్షరం కనబడాలన్నది మనం విడిగా పెట్టేది. కింది అంతస్తుకు జి అని రాస్తాం కనుక, నేల నుంచి లెక్కేస్తే 12 నొక్కినవాళ్ళు దిగేది పదమూడో చోట! ఇది కాగితం మీద గీసి చూపిస్తే ఒక బిల్డరు నవ్వి, 13 బటన్ పెట్టడానికి ఒప్పుకున్నాడు. ఆ అంతస్తులో మొదటి ఫ్లాట్ కొన్న పెద్దావిడ, "త్రయోదశి ప్రదోషమంటే శివుడికి ఇష్టం బాబూ, భయమెందుకు?" అన్నారట. ఆ బటన్ చుట్టూ ఎర్ర లైటు వెలిగినప్పుడల్లా మాస్టారి గడి నా కళ్ళ ముందుకొస్తుంది. చూసి లెక్కపెట్టాకే నమ్మాలన్న ఆ అలవాటే ఇవాళ నాకు అన్నం పెడుతోంది.

2022 ఏప్రిల్ 4న పదమూడు జిల్లాలు ఇరవయ్యారై, మనకు కోనసీమ జిల్లా వచ్చిన రోజు పొద్దున్నే మాస్టారు ఫోన్ చేశారు. హలో కూడా అనకుండా, "పదమూడు రెండ్లు!" అన్నారు.

ఈ వ్యాసం కోసం మొన్న తెలుగు సంవత్సరాల పేర్లు తిరగేశాను. మనం టెన్త్ చదివింది ప్రమాదిలో. ప్రభవ నుంచి వేలు మడుస్తూ వచ్చాను. ప్రమాది పదమూడోది! వెంటనే మాస్టారికి ఫోన్ చేశాను. ఎనభై దాటిన మనిషి, ఒక్క క్షణం ఆగి, "ఆ ఏడు అధికమాసం వచ్చిందేమో చూడు" అన్నారు. వచ్చింది, అధిక జ్యేష్ఠం. పదమూడో సంవత్సరంలో పదమూడు నెలలు. ఈ పరాభవలోనూ అధిక జ్యేష్ఠమే వచ్చింది. ఏడాదంతా బోర్డు మీద వెతికాం, అసలైనది పంచాంగం అట్ట మీదే ఉంది. ఆయన ఎంతసేపు నవ్వారో చెప్పలేను.

మాస్టారు రాజమండ్రి నుంచి వస్తున్నారు, కారు నేను పంపుతున్నాను. బోర్డు మీద గడి గీస్తారట, తలా ఒకటి తేవాలట. ఈ ఏడాది శుక్రవారం 13లు మూడు, ఫిబ్రవరి, మార్చి, నవంబరు. అవి నేను రాసేసుకున్నాను, కాబట్టి వేరేవి చూసుకోండి. రోడ్డు వెడల్పు చేశాక స్తంభాలు మార్చారని విన్నాను. టీచరమ్మా, ఒకసారి లెక్కపెట్టి ఉంచు, ఆయన తప్పకుండా అడుగుతారు.