రెండు ఆటల నడుమ గంటలు

పోయిన సంవత్సరం జూన్‌లో, విజయనగరం పూల్‌బాగ్‌లోని మా నాన్నగారి ఇంట్లో, మా అమ్మాయి భోజనాల బల్ల మీద ఒక ఖాళీ గాజు సీసాను పడుకోబెట్టి, దాని మూతికి ఎదురుగా క్యూ కర్ర పట్టుకుని వంగి నిలబడింది. కర్ర కొన సీసా మెడలోకి వెళ్లాలి, వెనక్కి రావాలి, అంచుకు మాత్రం తగలకూడదు. బల్ల మీద కర్రతో బంతులు కొట్టే పూల్ ఆట నేర్చుకునేవాళ్లు చెయ్యి తిన్నగా కదలడం కోసం చేసే సాధన ఇది. బల్లకు అవతల మా నాన్నగారు పూజగదిలోని కంచు గంటను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. తనకు తోచినప్పుడల్లా ఆయన గంట కొడతారు. మధ్యలో, "అమ్మలూ, మీ ఊళ్లో కాకులు ఏ భాషలో అరుస్తాయే?" అని అడుగుతారు. ఆ పిల్ల కర్ర ఆపకుండా, సీసాకు తగలనివ్వకుండా, తెలుగులో జవాబు చెప్పాలి. చివర ఎన్నిసార్లు గంట మోగిందో లెక్క ఒప్పచెప్పాలి. మొదటి రోజు నాలుగో గంటకే సీసా టంగుమంది. ఈ వేసవిలో మళ్లీ అదే బల్ల దగ్గర కూర్చుని ఇది రాస్తున్నాను.

మా అమ్మాయికి ఇప్పుడు పదహారేళ్లు. మేం అమెరికాలో ఒహాయో రాష్ట్రం కొలంబస్ దగ్గర ఉంటాం. పదకొండో ఏట తోటి విద్యార్థిని ఇంటి బేస్‌మెంట్‌లో ఉన్న బల్ల మీద మొదటిసారి కర్ర పట్టిన పిల్ల, రెండేళ్లు తిరక్కుండానే వారాంతపు పోటీలకు వెళ్లడం మొదలుపెట్టింది. ఈ సంగతి విజయనగరంలో చెప్పడానికి నాకు చాలాకాలం నోరు రాలేదు. పూల్ పోటీ అంటే మా పెద్దమ్మ ఈత పోటీ అనుకుంది. కాదు, కర్రతో బంతులు కొట్టే ఆట అని తెలిశాక, "ఏటమ్మా, ఆడపిల్లని క్లబ్బుకి పంపుతున్నావేటి?" అని నిలదీసింది. ఆమెను తప్పుపట్టలేను. మన వైపు ఆ బల్లలు జమీందార్ల బంగళాల్లోనో, ఆఫీసర్ల క్లబ్బుల్లోనో ఉండేవి తప్ప, ఆడపిల్లలు వెళ్లే చోట ఏనాడూ లేవు. మా నాన్నగారు మాత్రం, వ్యక్తిగత క్రీడల్లో మన దేశానికి మొట్టమొదటి ప్రపంచ విజేతను తెచ్చిపెట్టింది ఈ కోవకు చెందిన బిలియర్డ్స్ ఆటేననీ, 1958లో కలకత్తాలో విల్సన్ జోన్స్ ఆ ఘనత సాధించాడనీ పెద్దమ్మకు వివరంగా చెప్పారు. ఆమె పూర్తిగా ఒప్పుకోలేదు గాని, ఆ తరవాత ఆ మాట ఎత్తలేదు.

ఆట కన్నా పోటీ ఎంత కష్టమో చూడనివాళ్లకు ఊహకు అందదు. మా అమ్మాయి ఎక్కువగా ఆడేది నైన్‌బాల్. ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలున్న బంతుల్లో, బల్ల మీద మిగిలిన అన్నిటికన్నా చిన్న అంకె బంతినే, కర్రతో కొట్టే తెల్ల బంతి ముందు తాకాలి. తొమ్మిదో బంతిని సక్రమంగా పాకెట్‌లో, అంటే బల్ల అంచున ఉండే గుంతలో, వేసినవారిది ఆ ఆట. అటువంటి ఆటలు ఐదో, ఏడో ముందుగా గెలిచినవారిది మ్యాచ్. చాలా పోటీల్లో రెండుసార్లు ఓడితేనే ఇంటిదారి పడతారు. వినడానికి ఇది దయగల నియమంలాగే ఉంటుంది. కాని 64 మంది ఆడే పోటీలో మొదటి మ్యాచ్ ఓడినవారు, ఓడినవాళ్ల వరసలో పది మ్యాచ్‌లు వరసగా గెలిస్తే గాని ఫైనల్ ముఖం చూడరు. ఒక్కసారీ ఓడనివారికి ఆరు గెలుపులు చాలు. ఉదయం తొమ్మిదికి మొదలైన రోజు రాత్రి పదకొండు దాటడం మాకు మామూలే. తరవాతి మ్యాచ్ ఎప్పుడో ఎవరూ చెప్పలేరు, ఎందుకంటే అది ఇంకెవరిదో మ్యాచ్ ముగియడం మీద ఆధారపడి ఉంటుంది. ఆట నడుస్తున్నప్పుడు కూడా, ఎదుటివారు తప్పు చేసేదాకా కుర్చీలో కూర్చోవడమే. గెలిచినవారే మళ్లీ బ్రేక్ చేసే, అంటే తరవాతి ఆటకు తొలి దెబ్బ కొట్టే, పోటీలలోనైతే, చేతిలో కర్ర పెట్టుకుని రెండు మూడు ఆటలపాటు కదలకుండా చూస్తూ ఉండాల్సి రావచ్చు. ఒకసారి నేను గడియారం పెట్టి చూశాను. పద్నాలుగు గంటల రోజులో ఆ పిల్ల బల్ల మీద వంగి ఉన్నది గంటన్నర కూడా లేదు. మిగిలినదంతా నిరీక్షణే, మనసు చెదిరేదీ అక్కడే.

ఆ నిరీక్షణను పాడుచేసినది నేను. మా తరంలో పరీక్ష రాసి ఇంటికి రాగానే పెద్దవాళ్లు ప్రశ్నపత్రం ముందు పెట్టి, ఏ ప్రశ్నకు ఏం రాశావు, ఎన్ని మార్కులు వస్తాయి అని లెక్కకట్టేవారు. మర్నాటి పరీక్షకు చదవాల్సిన సాయంత్రం ఆ లెక్కలకే సరిపోయేది. నేను సరిగ్గా అదే చేశాను. మ్యాచ్ అయి అమ్మాయి నా పక్కన కూర్చోగానే, మూడో ఆటలో తెల్ల బంతిని పాకెట్‌లోకి ఎందుకు పోనిచ్చావు, ఆరో బంతికి అంత తొందర దేనికి, అని మొదలుపెట్టేదాన్ని. ఇదంతా తెలుగులో. చుట్టుపక్కలవారికి అర్థం కాదు కనుక పిల్ల పరువు నిలబడుతుందని నా నమ్మకం.

మూడేళ్ల కిందట ఒక పోటీలో, మ్యాచ్ మధ్యలో ఆమె కుర్చీకి వెనక వరసలో కూర్చున్న నేను, "కంగారుపడకు, నాలుగో బంతి చూసుకో" అన్నాను. రిఫరీ నడుచుకుంటూ వచ్చి, ఆట జరుగుతుండగా బయటివారు సలహా చెప్పకూడదనీ, నేను మాట్లాడిన భాష తనకు తెలియదు కనుక అది సలహాయో కాదో తేల్చుకోవడం తన వల్ల కాదనీ, మరోసారి వినిపిస్తే శిక్ష వేయవలసి వస్తుందనీ మర్యాదగానే చెప్పాడు. ఎదుటి అమ్మాయి తల్లిదండ్రులు మా వైపు చూశారు. మా పిల్ల చెవులు ఎర్రబడ్డాయి. ఆ మ్యాచ్ ఓడిపోయింది. రెండు గంటల ప్రయాణంలో ఆమె నోటి నుంచి వచ్చినది ఒక్కటే మాట, అదీ ఇంగ్లీషులో. నేను తెలుగులో పిలిస్తే చాలు, తను ఏదో తప్పు చేసినట్టే తనకు అనిపిస్తోందట.

ఆ మాట నన్ను చాలాకాలం నిద్రపోనివ్వలేదు. ఆదివారం బడికి పంపి గుణింతాలు నేర్పించాను, పండగలకు పద్యాలు చెప్పించాను, ఇంట్లో తెలుగే మాట్లాడాలని పట్టుబట్టాను. అయితే నేను ఆ భాషలో పిల్లతో ఏం మాట్లాడుతున్నానో ఏనాడూ చూసుకోలేదు. లే, తిను, చదువు, అలా కాదు, మళ్లీ చెయ్యి. స్నేహితురాళ్లతో కబుర్లన్నీ ఇంగ్లీషులో సాగుతుంటే, దిద్దుబాట్లన్నీ తెలుగులో వస్తుంటే, ఆ వయసు పిల్లకు ఏ భాష బరువనిపిస్తుందో చెప్పనక్కర్లేదు.

నాన్నగారు విజయనగరం జిల్లాలో ఉన్నత పాఠశాల తెలుగు పండితులుగా పనిచేసి విరమించారు. అష్టావధాన సభలలో చాలాసార్లు పృచ్ఛకులుగా, అంటే అవధానికి ప్రశ్నలు వేసేవారిగా కూర్చున్నారు, ఎక్కువగా అప్రస్తుత ప్రసంగానికి, అంటే మధ్యలో సంబంధం లేని ప్రశ్నలతో మనసు చెదరగొట్టే పనికి. నేను జరిగినదంతా చెప్పుకుంటే ఆయన పిల్ల ఆట గురించి ఏమీ అడగలేదు. "రెండు ఆటల మధ్యలో అమ్మలు ఏం చేస్తుంది?" అని మాత్రం అడిగారు. ఆ ప్రశ్న అంతవరకు నేను వేసుకోలేదు.

అవధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు ఒకరి తరవాత ఒకరు అడుగుతారు. ఒకరు పూరించమని ఒక చిక్కు పాదం, అంటే సమస్య, ఇస్తారు, ఒకరు నాలుగు మాటలిచ్చి పద్యంలో ఇమడ్చమంటారు, ఒకరు అక్షరం అక్షరానికీ అడ్డు తగులుతారు. ఒక్కో ఆవృత్తిలో, అంటే ఒక్కో చుట్టులో, ఒక్కో పాదం చొప్పున నాలుగు ఆవృత్తులలో పద్యాలు పూర్తవుతాయి, చివర వాటన్నిటినీ ధారణ చెయ్యాలి, అంటే గుర్తుంచుకుని తిరిగి ఒప్పచెప్పాలి. ఈ లోపల ఎక్కడో గంట మోగుతూ ఉంటుంది. దాని లెక్క తప్పకూడదు. నాన్నగారు అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పిన మాట నేను రాసి పెట్టుకున్నాను. "అవధాని ఎనిమిది బరువులూ ఒక్కసారే మోస్తాడని చూసేవాళ్లు అనుకుంటారు. మోయడమ్మా. ఒక పాదం చెప్పి దాన్ని దించేస్తాడు. వంతు వచ్చినప్పుడు మళ్లీ ఎత్తుకుంటాడు. ఎక్కడ దించాడో మరిచిపోకుండా ఉండడమే ధారణ." తన పాత్ర గురించి కూడా చెప్పారు. అప్రస్తుత ప్రసంగి వేసే పిచ్చి ప్రశ్నకు విసుక్కున్న అవధాని పద్యం పోగొట్టుకుంటాడు, నవ్వి జవాబిచ్చినవాడు నిలబెట్టుకుంటాడు. సీసా, గంట, కాకుల ప్రశ్న ఆ మర్నాటి నుంచే మొదలయ్యాయి.

ఒక సాయంత్రం ఆయన మనవరాలిని సంగీత కళాశాలకు నడిపించుకుని వెళ్లారు. 1919లో ఆ కళాశాల పెట్టినప్పుడు తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. రెండు చేతులతో, రెండు పాదాలతో, శిరస్సుతో ఐదు వేర్వేరు తాళాలు ఏకకాలంలో నడిపించిన మనిషి. అమ్మాయి దారిలో అడిగిందట, ఐదు తాళాలు వేస్తూ ఆయన మనసు దేని మీద ఉండేదని. నాన్నగారు తనకు తోచిన సమాధానం చెప్పకుండా, ఇంటికి వచ్చాక అరుగు మీద కూర్చోబెట్టి కుడి చేత్తో ఆదితాళం, ఎడమ చేత్తో రూపకం వెయ్యమన్నారు. ఒకదానికి ఎనిమిది అక్షరాలు, ఒకదానికి ఆరు. ఇరవై నాలుగు అక్షరాలకు ఒకసారి రెండూ కలుస్తాయి. అరగంట తంటాలు పడి ఆ పిల్ల, మధ్యలో లెక్క వదిలేసినా కలిసేచోటు చేతులకే తెలుస్తోందని కేక వేసింది. మా పెద్దమ్మ వంటింట్లోంచి వచ్చి, "బాగుందే గుంటా!" అని అక్కడే కూర్చుంది.

ఆ వేసవి తరవాత బల్ల దగ్గర ఆమె పద్ధతి మారింది. వంతు రాగానే లేచి, కర్ర కొనకు సుద్ద రాస్తుంది. అది ఎత్తుకోవడానికి గుర్తు. ఏ బంతి, ఏ పాకెట్, తెల్ల బంతి ఎక్కడికి వచ్చి ఆగాలి అన్నవన్నీ నిలబడి ఉండగానే తేల్చుకుంటుంది. వంగాక ఇక ఆలోచన లేదు. వంగిన తరవాత సందేహం పుడితే, కొట్టకుండా లేచి నిలబడి మళ్లీ మొదటి నుంచి వస్తుంది. కొట్టేముందు ఆఖరి చూపు కొట్టబోయే బంతి మీద నిలకడగా ఉంచుతుంది. కెనడాలో జోన్ విక్కర్స్ అనే శాస్త్రవేత్త ఈ నిలకడ చూపు మీద ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. బిలియర్డ్స్ ఆటగాళ్ల మీద 2002లో వెలువడిన ఒక అధ్యయనంలో కూడా, నేర్పరుల చూపు కర్ర కదిలేముందు కొత్తవారికన్నా ఎక్కువసేపు నిలిచి ఉంటుందని తేలింది. వంతు అయ్యాక కుర్చీ పక్కన కర్ర ఆనించి, ఒక గుక్క నీళ్లు తాగుతుంది. అది దించడం. కూర్చున్నప్పుడు ఎదుటి అమ్మాయి ముఖం చూడదు, బంతులు ఎంత దూరం దొర్లుతున్నాయో చూస్తుంది. రాత్రికి గదిలో తేమ పెరిగితే బల్ల మీది బట్ట బరువెక్కి, మధ్యాహ్నం చేరిన చోటికి బంతి చేరదు మరి.

తిండి విషయం ఒక ముక్క. మొదట్లో నేను పప్పన్నం, పెరుగన్నం డబ్బాల్లో పట్టుకెళ్లేదాన్ని. మధ్యాహ్నం రెండు గంటల మ్యాచ్‌లో పిల్ల కళ్లు మూతలు పడేవి. ఇప్పుడు అరటిపళ్లు, గుప్పెడు పలాస జీడిపప్పు, రెండు నువ్వుండలు, గంటకోసారి కొంచెం కొంచెంగా.

పోయిన అక్టోబరులో 64 మంది ఆడిన పోటీలో ఆమె మొదటి మ్యాచే ఓడిపోయింది. నేను మూడు వరసల వెనక కూర్చున్నాను, ఏమీ అనలేదు. ఓడినవాళ్ల వరసలో ఐదు మ్యాచ్‌లు గెలిచింది. రాత్రి తొమ్మిదికి, ఆరో మ్యాచ్ పిలుపు కోసం ఎదురుచూస్తూ, గోడ పక్కన నేల మీద చతికిలబడి తాతయ్యకు ఫోన్ చేసింది. అప్పుడు విజయనగరంలో ఆదివారం ఉదయం ఆరున్నర. ఆయన అయ్యకోనేరు గట్టు మీద నడుస్తున్నారు. గెలిచావా ఓడావా అని ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆ మంగళవారమే ఊరి అమ్మవారు పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం జరిగింది. ఎత్తయిన మాను చివర పూజారి కూర్చుంటే, మూడులాంతర్ల దగ్గరి గుడి నుంచి కోట దాకా మూడుసార్లు ఎలా తిప్పారో, మేడల మీద జనం మధ్యాహ్నం నుంచి ఎలా కాచుకుని కూర్చున్నారో ఆయన చెబుతుంటే, ఈ పిల్ల మోకాళ్లు మడుచుకుని వింటోంది. "తాతయ్యా, అంత పైన ఆయనకు భయం వెయ్యదా?" అని అడిగింది. ఆయన జవాబు నాకు వినబడలేదు. అంతలో ఆమె పేరు పిలిచారు. "తాతయ్యా, పిలిచారు, ఉంటాను" అని లేచి, సుద్ద అందుకుంది.

ఐదు ఆటలు ముందుగా గెలవాల్సిన ఆ మ్యాచ్‌లో మూడే గెలిచి ఓడిపోయింది. కారు ఎక్కాక చాలాసేపు కిటికీలోంచి చూసి, నేను ఏమీ అడగకుండానే, సిరిమాను కథ మొదటి నుంచి నాకు చెప్పడం మొదలుపెట్టింది, తెలుగులో.